ఇంగ్లీషు వచ్చు కదా, మళ్ళీ డిగ్రీ దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది డిగ్రీలో చేరాలి. లెక్కల్లోనూ సైన్సులోనూ మంచి మార్కులే వచ్చాయి. అయినా ఇంగ్లీషు సాహిత్యం మేజర్‌గా చదువుతానని పట్టుబడుతోంది. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషులోనే చదివిన పిల్ల, భాష వచ్చు కదా, మళ్ళీ మూడు నాలుగేళ్ళు అదే చదవడం దేనికి? పైగా ఇప్పుడు రాసే పనంతా ఏఐ చేసేస్తోంది. రాయడమే ఇష్టమైతే డిజిటల్ కంటెంట్ డిగ్రీలో చేర్పిస్తాను, దానికి కనీసం మార్కెట్ ఉంది. నేను అకౌంట్స్ చదివి అదే ఉద్యోగం చేశాను. ఈ చదువులో తనకు ఇబ్బంది వస్తే ఏం చెప్పాలో కూడా నాకు తెలియదు. రెండు కోర్సులనూ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు. — ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం లాంటివి ప్రవేశాల కాలం వచ్చిందంటే నాకు వరసగా వస్తాయి. అమ్మాయికి బదులు అబ్బాయి ఉంటాడు, డిజిటల్ కంటెంట్‌కు బదులు మరో కోర్సు ఉంటుంది, అంతే తేడా. పోలిక అడిగారు కాబట్టి పోలుస్తాను. అయితే మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు చివర్లో ఉన్న ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇబ్బంది వస్తే ఏం చెప్పాలో తెలియదన్నారు. మీ అసలు ప్రశ్న అదేనని నాకు అనిపించింది. దాని దగ్గరకు వస్తాను గాని, ముందు "భాష వచ్చు కదా" అన్న మాట సంగతి చూద్దాం.

1920లలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఐ.ఎ. రిచర్డ్స్ అనే అధ్యాపకుడు కొన్ని కవితలను, కవుల పేర్లు తీసేసి, తన తరగతికి పంచిపెట్టి, వారం రోజుల తర్వాత అభిప్రాయం రాసి ఇమ్మని అడిగేవారు. ఆ విద్యార్థుల్లో ఎక్కువమంది ఇంగ్లీషును పుట్టుకతోనే నేర్చుకున్నవారు, దాన్నే మేజర్‌గా చదువుతున్నవారు. వాళ్ళు రాసిచ్చిన కాగితాలను పరిశీలించి ఆయన 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' అనే పుస్తకం వెలువరించారు. చదువరుల ఇబ్బందుల్లో ఆయన మొట్టమొదట పేర్కొన్నది ఏమిటంటే, చాలామందికి కవితలోని సాదా అర్థమే అందలేదు. లోతైన అర్థం సంగతి అటుంచి, వాక్యం ఏం చెబుతోందో కూడా తెలియకుండానే బాగుందనో బాగాలేదనో తీర్పు చెప్పేశారు. కూడికలూ తీసివేతలూ వచ్చిన ప్రతివారూ బ్యాలెన్స్ షీట్ చదవలేరని మీకు వేరే చెప్పనక్కరలేదు. భాష రావడానికీ, చదవడం రావడానికీ మధ్య కూడా అంతే దూరం ఉంటుంది. ఇంగ్లీషు డిగ్రీ, సరిగ్గా బోధించే చోట, ఆ దూరాన్ని నడిపించే చదువు.

అది ఎలా జరుగుతుందో ఒక్క ఉదాహరణ చూపిస్తాను. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' నాటకం 1608లో చిన్న పుస్తకంగా ఒకసారి అచ్చయింది, 1623లో ఆయన నాటకాల పెద్ద సంపుటిలో మరోసారి అచ్చయింది. ఆ రెండు అచ్చులూ ఒకటి కావు. నాటకం చివరి నాలుగు పంక్తులను 1608 ప్రతిలో ఆల్బనీ అనే ప్రభువు పలుకుతాడు, 1623 ప్రతిలో ఎడ్గర్ అనే యువకుడు పలుకుతాడు. అనవలసిన మాట కాదు, మనసులో ఉన్న మాట అనాలన్నది ఆ పంక్తుల్లో ఒకదాని భావం. ఆ మాట మిగిలినవారిలో పెద్ద హోదా ఉన్న ప్రభువు నోట వస్తే నాటకం ఒక రకంగా ముగుస్తుంది, కళ్ళు పోగొట్టుకున్న తండ్రిని చెయ్యి పట్టి నడిపించిన కొడుకు నోట వస్తే మరో రకంగా ముగుస్తుంది. ఇది అచ్చువేసినవాడి పొరపాటా, రచయితే తర్వాత మార్చుకున్నాడా? రెండింటినీ కలిపి ఒకే నాటకంగా చదవవచ్చా? 1986లో ఆక్స్‌ఫర్డ్ వారు వెలువరించిన సంపుటిలో రెండింటినీ రెండు వేర్వేరు నాటకాలుగానే అచ్చువేశారు. ఈ రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టుకున్న విద్యార్థి, ఏ పంక్తి ఎక్కడుందో చూపించి, అవతలివారి వాదం ఏమిటో ముందు నిజాయితీగా చెప్పి, ఆ తర్వాతే తన అభిప్రాయాన్ని నిలబెట్టుకోవాలి. ఒకే లావాదేవీకి రెండు లెక్కల పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తే మీరు చేసే పని కూడా ఇదే. మీ అమ్మాయి ఎంచుకున్న చదువు మీరు అనుకుంటున్నంత పరాయిది కాదు.

ఇక ఏఐ సంగతి. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. మామూలు ప్రకటనల వాక్యాలు, వస్తువుల వర్ణనలు, పది చోట్ల ఉన్నదాన్ని కలిపి పదకొండో చోట పెట్టే వ్యాసాలు, వీటితో బతుకుతున్న కొత్తవాళ్ళకు పని తగ్గింది, ఇంకా తగ్గుతుంది. కాని ఆ దెబ్బ ముందుగా తగిలేది మీరు చేర్పిస్తానంటున్న కోర్సుకే. డిజిటల్ కంటెంట్ డిగ్రీల పాఠ్యప్రణాళికలు నేను చాలానే చదివాను. వాటిలో మంచివి లేవని అనను. పాత్రికేయ విలువలు, గణాంకాలు, పరిశోధన పద్ధతులు గట్టిగా నేర్పేవి కొన్ని ఉన్నాయి. ఎక్కువ వాటిలో మాత్రం మూడేళ్ళ చదువు ఫలానా సాధనాన్ని ఎలా వాడాలి, ఫలానా వేదిక మీద ఎన్ని అక్షరాల్లో రాయాలి, సెర్చ్ ఇంజిన్‌కు నచ్చేలా మాటలను ఎలా పేర్చాలి అన్న చోటే తిరుగుతుంది. చేరిన ఏడు నేర్చుకున్న సాధనం బయటకు వచ్చే ఏటికి ఉండదు. ఉన్నా, దాన్ని ఆరు వారాల్లో ఎవరైనా నేర్చుకోగలరు. ఆరు వారాల్లో వచ్చే నేర్పు కోసం మూడేళ్ళు ఖర్చుపెట్టడం, మూడేళ్ళు పట్టే నేర్పును వదులుకోవడం నాకు ఏ లెక్కలోనూ సరిపోవడం లేదు. "ప్రాంప్ట్ ఇంజినీరు", అంటే ఏఐకి ఏం చేయాలో మాటల్లో చెప్పేవాడు, అనే ఉద్యోగం పేరు చెప్పి పిల్లలను చేర్చుకున్న కోర్సులనూ చూశాను. ఆ పని ఇప్పుడు ప్రతి ఉద్యోగంలోనూ ఒక మూల కలిసిపోయింది, దాని కోసమే విడిగా చదవవలసిన అవసరం నాకు కనిపించదు. మార్కెట్ ఉందని మీరన్నది కోర్సుకు ఉన్న మార్కెట్టా, చదువు ముగించినవారికి ఉన్న మార్కెట్టా అన్నది ఆ కళాశాలవారినే అడగండి. గత మూడేళ్ళలో చదివి వెళ్ళినవారు ఇప్పుడు ఎక్కడ ఏ పని చేస్తున్నారో చెప్పమనండి.

యంత్రాలు ఆలోచించగలవా అని 1950లో కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన అలన్ ట్యూరింగ్ రాసిన వ్యాసం అకౌంట్స్ చదివిన మీకు నచ్చుతుంది. అవతల ఉన్నది మనిషో యంత్రమో తేల్చుకోవడానికి ప్రశ్నలు అడుగుతున్నట్టు అందులో ఆయన ఊహించిన సంభాషణలో మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? స్కాట్లాండులోని ఫోర్త్ వంతెన గురించి ఒక సానెట్, అంటే పద్నాలుగు పంక్తుల కవిత, రాయమని. నన్ను వదిలేయండి, కవిత్వం నాకు చేతకాదని అవతలి నుంచి జవాబు వస్తుంది. తర్వాత 34957కు 70764 కలపమంటారు. అర నిమిషం ఆగి 105621 అని జవాబు వస్తుంది. కూడి చూడండి, సరైన మొత్తం 105721. ఒక వంద తక్కువైంది. మనిషిలా కనబడటానికి యంత్రం కావాలనే లెక్కలు తప్పు చేయవచ్చని అదే వ్యాసంలో తర్వాత ట్యూరింగే అంటారు. ఇవాళ యంత్రం సానెట్ అడగగానే రాసిచ్చేస్తుంది. ఎంత వేగంగా రాసిస్తుందో అంత ధీమాగా ఆ వంద రూపాయల తేడాను కూడా రాసిస్తుంది. నున్నగా ఉన్న పేరాలో తప్పు ఎక్కడుందో, ఆధారం లేని మాట ఏదో, మూలంలో లేని అర్థం ఎక్కడ చొరబడిందో పట్టుకునే మనిషి కావాలి. ఆ పనికి కావలసిన అభ్యాసం నెమ్మదిగా చదివి చదివి రావలసిందే.

ఈ మేజర్‌లో జనం పట్టించుకోని భాగం భాషాధ్యయనం. యోధుడని అర్థం వచ్చే 'నైట్' (knight) అన్న మాటకు ఇంగ్లీషులో 'కె' అక్షరం ఎందుకు ఉందంటే ఒకప్పుడు దాన్ని పలికేవారు కాబట్టి. పలుకు మారిపోయింది, రాత నిలిచిపోయింది. ఇలాంటి మార్పులను క్రమపద్ధతిలో చదవడంతో మొదలై, మాటల వాడకాన్ని లెక్కగట్టే దాకా ఈ దారి వెళుతుంది. 1961లో అమెరికాలో అచ్చయిన రచనల నుంచి 500 నమూనాలు తీసి, సుమారు పది లక్షల మాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించిన బ్రౌన్ విశ్వవిద్యాలయపు సంకలనం ఈ రంగానికి తొలి మెట్లలో ఒకటి. మీరు భయపడుతున్న ఏఐ కూడా ఇలా పోగేసిన రచనల మీదనే శిక్షణ పొందింది. మీ అమ్మాయికి లెక్కలు వచ్చునన్నారు. ఆ సామర్థ్యాన్ని పారేసుకోనక్కరలేదు. సాహిత్యం మేజర్‌గా, గణాంకశాస్త్రమో ప్రోగ్రామింగో మైనర్‌గా తీసుకునే వీలున్న చోట చేరమనండి. నిఘంటువులు, భాషా పరీక్షల రూపకల్పన, మాటను గుర్తించే సాంకేతికత, ఇలాంటి చోట్ల ఈ రెండూ కలిసి ఉన్నవారు తక్కువ.

కథలూ కవితలూ రాయడం నేర్పే రచన భాగం మీద మాత్రం నాకు సందేహం ఉంది, అది దాచను. రచనను వర్క్‌షాపు పద్ధతిలో, అంటే ఒకరు రాసినది మిగిలినవారు చదివి చర్చించే పద్ధతిలో, నేర్పే అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయపు కార్యక్రమం 1936 నుంచి ఉంది. బ్రిటన్‌లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లో ఎం.ఎ. మొదలుపెట్టింది, 2017లో నోబెల్ అందుకున్న కజువో ఇషిగురో అక్కడ చదివినవారే. కాని ఆ రెండూ అప్పటికే కొంత చదివి, కొంత రాసి వచ్చినవారికి పెట్టిన కోర్సులు. పద్దెనిమిదేళ్ళ వయసులో మేజర్ మొత్తం రచనే అయితే, చదవవలసిన నాలుగు వందల పుస్తకాల స్థానంలో తోటి విద్యార్థుల నలభై చిత్తుప్రతులు వచ్చి కూర్చుంటాయేమోనని నా భయం. ఏటా ఒకటి రెండు రచనా తరగతులు తీసుకుంటే చాలు. మిగిలిన సమయం చదవనివ్వండి.

ఉద్యోగాల గురించి మెత్తగా చెప్పను. మొదటి ఉద్యోగం దొరకడానికి ఇంజినీరింగ్ చదివినవారికంటే ఎక్కువ కాలం పట్టవచ్చు, మొదటి జీతం తక్కువ ఉండవచ్చు, పట్టాను చూసి ఉద్యోగం ఇచ్చేవారు తక్కువ. బోధన, ప్రచురణ, పాత్రికేయం, అనువాదం, సాంకేతిక రచన, న్యాయశాస్త్రం వైపు వెళ్ళడం, పోటీ పరీక్షలు, ఇవన్నీ తెరిచే ఉన్నాయి గాని ఏదీ తనంతట నడిచిరాదు. రెండో ఏడు నుంచే ఎక్కడో ఒకచోట చిన్నపాటి సంపాదకత్వమో, అనువాదమో, ట్యూషనో చేసి ఉండాలి. తలుపులు శాశ్వతంగా మూసుకుపోతాయన్న భయం మాత్రం వద్దు. క్యాన్సర్ కారక జన్యువుల పరిశోధనకు 1989లో నోబెల్ పంచుకున్న హెరాల్డ్ వార్మస్ ముందు ఇంగ్లీషు సాహిత్యం చదివి, అందులో ఎం.ఎ. కూడా చేసి, ఆ తర్వాత వైద్యంలోకి వెళ్ళినవారు. అందరూ అలా అవుతారని చెప్పడం లేదు, దారి మార్చుకోవడానికి వీలుంటుందని చెబుతున్నాను.

ఇప్పుడు మీ ఉత్తరం గురించి ఒక మాట, కాస్త కటువుగానే. మీ ఉత్తరంలో అమ్మాయి చేసిన పని ఒక్కటే ఉంది: పట్టుబట్టడం. ఏ పుస్తకం చదివి ఈ చదువు మీద ఇష్టం పెంచుకుందో, ఏం రాస్తుందో, ఎవరితో మాట్లాడి ఈ నిర్ణయానికి వచ్చిందో ఒక్క ముక్క లేదు. "చేర్పిస్తాను" అన్నది మాత్రం ఉంది. మార్కుల పట్టిక తెలిసిన తండ్రికి, కూతురు అర్ధరాత్రి దాకా ఏం చదువుతోందో తెలియకపోవడం సరికాదండీ. ఆమె మిమ్మల్ని ఒప్పించలేకపోయిందని మీరు అనుకుంటున్నారు. అసలు అడిగారా? లెక్కల్లో మార్కులు వచ్చిన పిల్ల సాహిత్యం అడిగితే దాన్ని నష్టంగా లెక్కవేయడం, తక్కువ మార్కులు వచ్చినవారికే ఈ చదువు అని మనసులో అనుకోవడం, ఈ రెండూ మానుకోవాలి.

మీ అసలు భయం దగ్గరకు వచ్చాను. అకౌంట్స్‌లో ఆమెకు ఇబ్బంది వస్తే పక్కన కూర్చుని చెప్పగలరు. ఇక్కడ చెప్పలేరు. చెయ్యి పట్టుకుని నడిపించిన పిల్ల మీకు తెలియని వీధిలోకి మలుపు తిరుగుతోందన్న కలత అది. అందులో తప్పు లేదు, ఆ కలత లేని తండ్రి ఉత్తరం రాయడు. కాని జవాబు చెప్పే మనిషి ఆమెకు కళాశాలలో దొరుకుతారు. మీ దగ్గర ఆమెకు కావలసింది అర్థం కాని చోట "అది ఎందుకని?" అని అడిగే మనిషి. ఆ పని మీరు ఉద్యోగమంతా చేశారు.

ఈ మేజర్ తీసుకోకూడని పిల్లలు కూడా ఉన్నారు. కథలు ఇష్టమే గాని ఒకసారి చదివినది మళ్ళీ తెరవడం విసుగనిపించేవారు, ధారాళంగా మాట్లాడటం వస్తే చాలనుకునేవారు, లెక్కల నుంచి తప్పించుకోవడానికే ఇటు వచ్చేవారు మొదటి ఏడే నిరాశపడతారు. మీ అమ్మాయి వీరిలో ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పని చేయండి. దరఖాస్తు గడువు లోపల, ఆమెకు నచ్చిన ఒక చిన్న కవితను మూడు రోజుల్లో మూడుసార్లు చదివి, అందులో ఒకే ఒక్క మాట అక్కడ ఎందుకుందో ఒక పేజీ రాయమనండి. పేజీ దాటకూడదు, యంత్రం సాయం తీసుకోకూడదు. ఆ పని ఆమెకు శిక్షలా తోస్తే మళ్ళీ నాకు రాయండి, ఇంకో దారి చూద్దాం. మూడో రోజు రాత్రి కూడా చిత్తుప్రతి దిద్దుకుంటూ కూర్చుంటే, డిజిటల్ కంటెంట్ దరఖాస్తు పక్కన పెట్టేయండి. పేజీ మీ చేతికి వచ్చాక దిద్దకండి. రెండుసార్లు చదివి, మీకు అందని వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.