మెఫిస్టోఫిలిస్ 'పాత్రలో'నా, 'వేషంలో'నా?

సందేహం: రంగస్థల నటుల చిత్రాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. విక్టోరియా రాణి కాలపు నటుడు హెన్రీ ఇర్వింగ్‌ని 'ఫౌస్ట్' నాటకంలో చూపే రంగుల చిత్రం ఒకటి అందులో వేస్తున్నాం. ఒళ్ళంతా ఎర్రటి దుస్తులు, టోపీలో పొడవాటి ఈక. దాని కింద 'హెన్రీ ఇర్వింగ్ మెఫిస్టోఫిలిస్‌గా' అని రాశాను. సంపాదకులు 'పాత్రలో' అని దిద్దారు. మా నాన్నగారేమో 'వేషంలో' అనాలంటున్నారు. వేషం అంటే చులకనగా ఉండదా? మెఫిస్టోఫిలిస్ ఎవరో తెలియడానికి పక్కన 'దెయ్యం' అని రాయవచ్చా?

సమాధానం: మీ నాన్నగారి మాటే నా మాట. బొమ్మ కింద రాసే వాక్యానికి 'వేషంలో' అన్నదే సరిపోతుంది.

ముందు మీరు రాసిన 'గా' సంగతి. ఇది 'అగు' ధాతువు నుంచి వచ్చిన రూపం. వెనకాల ఒక క్రియ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. 'మెఫిస్టోఫిలిస్‌గా నటించాడు', 'మెఫిస్టోఫిలిస్‌గా కనిపించే ఇర్వింగ్' అంటే నిండుగా ఉంటుంది. క్రియ లేకుండా 'గా' దగ్గర ఆపేస్తే 'ఆ తర్వాత?' అని అడగాలనిపిస్తుంది. ఇంగ్లిషు శీర్షికను మాటకు మాట దింపుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఈమధ్య పత్రికల్లో తరచూ చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది.

సంపాదకుల 'పాత్ర' తప్పు కాదు. అయితే పాత్ర, వేషం ఒకటి కావు. మంచి నటుణ్ణి చూసి 'పాత్ర పండించాడు' అంటాం. 'వేషం పండించాడు' అని ఎవరూ అనరు. నాటకం అయ్యాక 'వేషం తీసేసి వచ్చాడు' అంటాం. 'పాత్ర తీసేసి' అనం. పాత్ర కథలో ఉంటుంది, వేషం ఒంటి మీద ఉంటుంది. ఇర్వింగ్ నటన ఎలా ఉందో మీ వ్యాసంలో చర్చించేటప్పుడు 'పాత్ర' అనండి. చిత్రకారుడి కంటికి దొరికింది మాత్రం ఆ ఎరుపు, ఆ ఈక, ఆ నిలబడిన తీరు. అదంతా వేషమే. ఇదే ఇర్వింగ్‌ని చిత్రకారుడు విస్లర్ 1876లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ వేషంలో చిత్రించాడు. ఆ పటం ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాని కింద తెలుగులో రాయాల్సి వచ్చినా 'ఫిలిప్ వేషంలో' అనే రాస్తాను.

ఇక చులకన సంగతి. 'నా దగ్గర వేషాలు వెయ్యకు' అన్నప్పుడు వినిపించే దెప్పు ఆ సందర్భానిదే గాని మాటది కాదు. 'వేషాల కోసం మద్రాసు రైలెక్కాడు' అంటే ఎవరినీ తక్కువ చేసినట్టు కాదు గదా! వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను తలుచుకునేవాళ్ళు ఈనాటికీ 'భామ వేషం' అనే అంటారు, ఎంతో గౌరవంతో అంటారు. 'వేషం కట్టడం' అన్న పలుకుబడిలో కిరీటాలూ భుజకీర్తులూ బిగించి కట్టుకునే శ్రమంతా ఉంది.

ఇర్వింగ్ నాటకంలోనూ ఆ శ్రమ ఉంది. లండన్‌లోని లైసియం థియేటర్‌లో 'ఫౌస్ట్' మొదటి ప్రదర్శన 1885 డిసెంబరు 19న జరిగింది. జర్మన్ కవి గోథే కావ్యం ఆధారంగా విల్స్ రాసిన నాటకం అది. ఫౌస్ట్ అనే పండితుడు మెఫిస్టోఫిలిస్‌తో తన ఆత్మను బేరం పెట్టుకునే కథ. ఫౌస్ట్ ప్రియురాలు మార్గరెట్‌గా ఎలెన్ టెర్రీ నటించింది. అందులో ఫౌస్ట్, మార్గరెట్ సోదరుడు వాలెంటైన్ కత్తియుద్ధం చేస్తుంటే కత్తుల నుంచి నిప్పురవ్వలు రాలాలి. రంగస్థలం మీద రెండు ఇనుప పలకలు బిగించి, పోరాడేటప్పుడు ఒక్కొక్కరి కుడి బూటు ఒక్కో పలక మీద ఉండేలా ఏర్పాటు చేశారు. బూటు నుంచి దుస్తుల లోపలగా తీగ పైకి వెళ్ళి, రబ్బరు తొడుగు వేసుకున్న అరచేతిలోని ఉక్కు ముక్కను చేరేది. కత్తికి కత్తి తగలగానే రవ్వలు! ఆ థియేటర్ వ్యవహారాలు చూసిన బ్రామ్ స్టోకర్ ఇదంతా రాసిపెట్టాడు. వేషంలోనే విద్యుత్తును కట్టుకున్న నటులు వాళ్ళు.

ఈ బొమ్మకు 'వేషం' మరీ నప్పడానికి ఇంకో కారణం ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. గోథే కావ్యంలో మెఫిస్టోఫిలిస్ ముందు నల్లకుక్కగా వస్తాడు, తర్వాత దేశదిమ్మరి పండితుడిగా కనిపిస్తాడు. ఆ తర్వాతే ఎర్రటి జరీ అంచు దుస్తులు, పట్టు పైవస్త్రం, టోపీలో కోడిపుంజు ఈక, నడుముకు పొడవాటి కత్తితో పెద్దింటి యువకుడిలా దిగుతాడు. అంటే మీ చిత్రంలోని ఎరుపూ ఈకా అతని అసలు రూపం కాదు, మారువేషం. ఇర్వింగ్ కట్టింది వేషంలో ఉన్నవాడి వేషం. 'పాత్రలో' అంటే ఈ రెండో పొర జారిపోతుంది.

'దెయ్యం' మాత్రం వద్దు. మన దెయ్యం చచ్చినవాళ్ళ ఆత్మ. చింతచెట్టు మీద ఉంటుంది, మనిషిని పడుతుంది, వదులుతుంది. మెఫిస్టోఫిలిస్ ఎవరినీ పట్టడు. ఎదురుగా కూర్చుని బేరమాడి నెత్తుటితో సంతకం పెట్టించుకుంటాడు. 'రాక్షసుడు' అసలే కుదరదు, అతనికి తపస్సులూ వరాలూ బంధువర్గమూ ఉంటాయి. తెలుగు బైబిలు అనువాదకులు ఇక్కడ గొప్ప పని చేశారు. 'డయాబొలొస్' అనే గ్రీకు మాటకు నిందలు మోపేవాడని అర్థం. దానికి వాళ్ళు 'అపవాది' అన్నారు. ఎంత చక్కగా కుదిరిందో చూడండి! అయితే ఆ మాటకు బైబిలు వాసన గట్టిగా ఉంది, క్రైస్తవేతర పాఠకులు తడబడవచ్చు. ఉర్దూ దారిలో వచ్చిన 'సైతాను' అందరికీ తెలుసు. కాకపోతే పాత జర్మన్ కథలో మెఫిస్టోఫిలిస్ సైతాను కొలువులోని వాడు. అందుకని 'సైతాను అనుచరుడు' అంటే సరిపోతుంది.

మొత్తం ఇలా రాయండి: 'మెఫిస్టోఫిలిస్ (సైతాను అనుచరుడు) వేషంలో హెన్రీ ఇర్వింగ్. నాటకం: ఫౌస్ట్, లైసియం థియేటర్, లండన్, మొదటి ప్రదర్శన 1885.' పేరు ముందు 'సర్' చేర్చకండి. ఆ బిరుదు ఆయనకు 1895లో వచ్చింది, ఈ వేషం కట్టిన పదేళ్ళకు.