పాత రాజ్‌దూత్ 350లో ఒక సిలిండర్ కంప్రెషన్ బాగా తగ్గింది, బోరింగ్ తప్పదా?

కంప్రెషన్ (పిస్టన్ పైకొచ్చినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) ఎడమ సిలిండర్‌లో 120 పీఎస్‌ఐ, కుడిదాంట్లో 85 చూపిస్తోందన్నారు, బండి ఏళ్ల తరబడి వైజాగ్ ఎంవీపీ కాలనీలో సెల్లార్‌లో కవర్ కప్పుకుని పడి ఉందన్నారు, మెకానిక్ అంకెలు చూడగానే రెండూ బోరింగ్ (సిలిండర్ లోపలి గోడ కోసి వెడల్పు చేసి పెద్ద పిస్టన్ వెయ్యడం) చేయించెయ్యమన్నాడన్నారు. అప్పుడే ఒప్పుకోకండి. ఈ బండి తయారీ ఆగి మూడు దశాబ్దాలు దాటింది, ఒరిజినల్ పిస్టన్లు దొరకడమే పెద్ద పని, బోరింగ్‌లో కోసేసిన ఇనుము మళ్లీ రాదు. నా దగ్గరా ఇదే బండి ఉంది, దీనికీ కుడివైపే తగ్గింది, చివరికి బోరింగ్ దాకా పోనేలేదు.

ముందు గేజు సంగతి. రబ్బరు కోను పెట్టి చేత్తో నొక్కిపట్టుకునే రకం అయితే ఆ రీడింగ్ మర్చిపోండి, రెండు వైపులా ఒకేలా నొక్కడం ఎవరి వల్లా కాదు. మర బిగించే రకమే వాడండి, అందులోనూ గాలిని ఆపే వాల్వు స్పార్క్ ప్లగ్గు కన్నం వైపు ఉండాలి. వాల్వు గేజు దగ్గర ఉంటే గొట్టంలోని ఖాళీ కూడా సిలిండర్‌కి కలుస్తుంది, ఇక్కడ ఒక్కో సిలిండర్ 173 సీసీయే కాబట్టి అంకె గట్టిగానే పడిపోతుంది. అది రెండు వైపులా పడుతుంది, తేడాకి కారణం కాదు, కానీ మీ 120 నిజంగా 120 కాకపోవచ్చు. అలాగే అరకులో ఎవరిదైనా ఇదే బండి ఉంటే దాని రీడింగ్‌తో పోల్చుకుని టెన్షన్ పడకండి, అక్కడ 900 మీటర్ల ఎత్తు, గాలి పలచన, పది శాతం దాకా తక్కువే వస్తుంది. మనకు కావాల్సింది ఎడమకీ కుడికీ మధ్య తేడా. అది పది శాతం లోపుంటే నేనైతే పట్టించుకోను, మీది దాదాపు ముప్పై.

కొలిచేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి, రెండు ప్లగ్గులూ తీసెయ్యాలి, వాటి వైర్లు ఇంజన్‌కి ఎర్త్ చెయ్యాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ముల్లు ఇక కదలదు అనేదాకా కిక్ కొట్టాలి. ఇక్కడే చాలామంది చూడనిది ఒకటుంది: ఈ బండికి రెండు కార్బొరేటర్లు, కేబుల్ రెండుగా చీలుతుంది. కుడివైపు స్లయిడ్ (కార్బొరేటర్‌లో గాలి దారి తెరిచే ముక్క) పూర్తిగా లేవకపోతే గాలి సరిగా అందక అటువైపు రీడింగ్ తగ్గుతుంది, ఇంజన్‌లో ఏ లోపం లేకపోయినా. ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బరు తీసి టార్చ్ వేసి చూడండి.

అప్పటికీ కుడివైపు తక్కువే వస్తే ప్లగ్గు కన్నంలో కాస్త 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్ నూనె) వెయ్యండి, అర చెంచా మించొద్దు, ఎక్కువైతే ఆ నూనే ఖాళీని నింపి అంకెని దొంగగా పెంచుతుంది. బాగా పెరిగితే లోపం పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లోనో, బోరు (సిలిండర్ లోపలి గోడ) లోనో ఉన్నట్టు. అంకె కదలకపోతే హెడ్ గ్యాస్కెట్‌ని (సిలిండర్‌కీ దాని పైమూతకీ మధ్య ఉండే పొరని) అనుమానించండి, హెడ్ జాయింట్ చుట్టూ సబ్బు నీళ్లు రాసి కిక్ కొడితే బుడగలు వస్తాయి.

తర్వాత కుడి సైలెన్సర్ విప్పండి. హెడ్ ముట్టుకోనక్కర్లేదు. కిక్‌ని చేత్తో మెల్లగా నొక్కుతూ పోతే ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటకు పోయే కన్నం) లోంచి రింగులు కనిపిస్తాయి. సన్నటి చెక్క పుల్లతో రింగుని లోపలికి నొక్కండి. స్ప్రింగులా వెనక్కి వస్తే బానే ఉంది. రాకపోతే కార్బన్‌కో తుప్పుకో గాడిలో బిగుసుకుపోయింది. నాదాంట్లో పై రింగు సగం చుట్టూ కదలనే లేదు, పిస్టన్ పక్కన గోధుమరంగు తుప్పు చార కూడా కనిపించింది.

ఒకవైపే ఎందుకంటే, ఈ ఇంజన్లో ఒక పిస్టన్ పైనుంటే రెండోది కిందుంటుంది. బండి నిలబెట్టినప్పుడు కిందికి ఆగిన వైపు పోర్టు తెరుచుకుని ఉంటుంది, సైలెన్సర్‌లోంచి మన వైజాగ్ ఉప్పుగాలి నేరుగా బోరు గోడ మీదికి పోతుంది. సెల్లార్‌లో కవర్ వేస్తే తేమ ఇంకా బయటకు పోదు.

రింగు బిగుసుకుని ఉంటే డీజిల్, 2టీ ఆయిల్ కలిపి కన్నంలో పోసి రాత్రంతా ఉంచండి. పిస్టన్ పైకి తెచ్చాకే పొయ్యాలి, లేకపోతే పోర్టుల్లోంచి కారిపోతుంది. పొద్దున ప్లగ్గు లేకుండా కిక్ కొట్టి అంతా బయటకు తోసేసి మళ్లీ కొలవండి. వదలకపోతే సిలిండర్ ఎత్తాల్సిందే. బోరులో తుప్పు పైపైన ఉంటే హోనింగ్ (గోడని పైపైన రుద్దడం), కొత్త రింగులు చాలు. గోరుకి తగిలేంత గుంటలుంటే మాత్రం బోరింగే, అప్పుడు రెండూ ఒకే సైజుకి చేయించండి.

క్రాంక్ సీళ్లు (క్రాంక్ షాఫ్ట్ చివర్ల దగ్గర గాలి, నూనె కారకుండా ఆపే రబ్బరు రింగులు) కూడా చూసుకోండి, కంప్రెషన్ గేజు వాటి గురించి ఏమీ చెప్పదు, అది కొలిచేది పిస్టన్ పైభాగాన్నే. కుడివైపు క్లచ్ పక్క సీలు పోతే గేర్ ఆయిల్ తగ్గుతూ కుడి సైలెన్సర్ నుంచి పొగ దట్టంగా వస్తుంది. ఎడమది పోతే ఆ ప్లగ్గు తెల్లబడుతుంది, అలా నడిపితే కొత్త పిస్టన్ కూడా పట్టేస్తుంది.

మళ్లీ కొలిచిన రెండు రీడింగులూ, నూనె వేశాక వచ్చిన అంకె, ఎగ్జాస్ట్ పోర్టులోంచి తీసిన ఫొటో ఇక్కడ పెట్టండి, హోనింగ్ సరిపోతుందో లేదో చూసి చెప్తాను.