ఎదురు ప్రశ్న: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. శ్రద్ధగా చదివాను. ఉద్యోగం కోసం అమెరికాలోని విస్కాన్సిన్ వెళ్ళిన కుర్రాడు విల్లుతో జింకల వేట నేర్చుకోవాలనుకుంటాడు. దగ్గర్లో నేర్పేవాళ్ళెవరూ లేక, ఎప్పుడూ మొహం చూడని పాత వేటగాళ్ళను ఆన్‌లైన్‌లో అడుగుతాడు. మంచి వస్తువు, వదిలిపెట్టకు. కాకపోతే ఇప్పుడున్న రూపంలో మీవాడు అడుగుతాడు, వాళ్ళు చెబుతారు, ఇతను నేర్చేసుకుంటాడు. ఎక్కడా ముడి పడదు. కథలో కుర్రాడి పేరు తీసేస్తే కొత్తవాళ్ళకు సూచనల పట్టికలా మిగులుతుంది.

నిజంగా వేట తెలిసినవాళ్ళు అడిగినదానికి నేరుగా జవాబు చెప్పరు. ముందు తిరిగి అడుగుతారు. ఏం అడిగారన్న దాంట్లోనే వాళ్ళ అనుభవమంతా ఉంటుంది. నువ్వు రాయాల్సింది ఆ ఎదురు ప్రశ్నలు.

మొదటి పేజీయే తీసుకో. "70 పౌండ్ల విల్లు కొందామనుకుంటున్నాను, సరిపోతుందా?" అని మీవాడు అడిగాడు. (పౌండ్లంటే విల్లు బరువు కాదు, తాడు లాగడానికి పట్టే బలం.) నువ్వు రాసిన పెద్దాయన "కొత్తవాడివి కదా, 50తో మొదలుపెట్టు" అన్నాడు. సలహాలో తప్పు లేదు. కానీ జింక కోసం చెట్టెక్కి కూర్చుని చలికి గడ్డకట్టిన అనుభవం ఉన్నవాడు ఇలా అంటాడు: "కుర్చీలో కూర్చో. విల్లును నేరుగా ముందుకు చాపు. ఆకాశం వైపు ఎత్తకుండా, నడుం మెలితిప్పకుండా, నెమ్మదిగా తాడు లాగు. వచ్చిందా?" ఎందుకంటే నవంబరులో ఒంటి నిండా దళసరి బట్టలతో, గంటల తరబడి కదలకుండా కూర్చుని కండరాలు బిగుసుకుపోయాక లాగాల్సి వస్తుంది. ఇరవై గజాల్లో జింకను పెట్టుకుని విల్లు పైకెత్తి తంటాలు పడితే అది ఇట్టే కనిపెట్టేస్తుంది. ఆ కుర్చీ పరీక్షలో మీవాడు ఓడిపోనీ. అప్పుడు పౌండ్లంటే ఏమిటో మనకు ఒంటికి తెలుస్తుంది.

అతని చేతిలో ఉన్న విల్లు గురించి కూడా కాస్త తెలుసుకుని రాయి. అది కాంపౌండ్ విల్లు. హాలెస్ విల్బర్ ఆలెన్ అనే ఆయన 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1969లో పొందిన తయారీ. రెండు కొసల్లో చక్రాలుంటాయి. కొంతదూరం పూర్తి బరువుతో లాగాలి, ఆ తర్వాత ఒక్కసారిగా తేలికైపోతుంది. ఆ తగ్గుదలనే లెట్‌ఆఫ్ అంటారు. 60 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్‌ఆఫ్ ఉంటే, వెనక్కి లాగి పట్టుకున్నప్పుడు చేతి మీద నిలిచేది 12 పౌండ్లే. నువ్వేమో "ఆ బరువుకు చేతులు వణుకుతుండగా జింక పక్కకు తిరిగేదాకా ఎదురుచూశాడు" అని రాశావు. అంత తేలికైన బరువుకు అంతలోనే చేతులు వణకవు. ఆ వణుకు గుండె దడది. వేటగాళ్ళు దాన్ని బక్ ఫీవర్ అంటారు. కారణం సరిగ్గా పట్టుకుంటే ఆ వాక్యం మీవాడి మనసు గురించి చెబుతుంది. లేకపోతే వేట తెలిసినవాడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

కథ మధ్యలో ఏకలవ్యుణ్ణి తెచ్చావు. అడవి, విలువిద్య, దగ్గర లేని గురువు అన్నీ కలిశాయి కాబట్టి కలం ఊరుకోదు, నాకు తెలుసు. అయినా తీసెయ్యి. మట్టిబొమ్మ ద్రోణుడు ఏకలవ్యుణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మీవాడి గురువులు అడగందే నేర్పరు. పోలిక కుదరకపోవడం అటుంచి, అసలు సంగతిని కప్పేస్తోంది. పాత కథే కావాలనుకుంటే దశరథుడున్నాడు. చీకట్లో నీళ్ళ చప్పుడు విని, చూడకుండా బాణం వేశాడు. ఎదురుగా ఉన్నదేమిటో, దాని వెనక ఏముందో తేటగా చూడనిదే బాణం వదలకూడదన్నది వేట శిక్షణలో మొట్టమొదట నేర్పే నియమాల్లో ఒకటి. దశరథుడి పేరెత్తకుండానే ఆ భయాన్ని మీవాడి సాయంకాలాల్లో పెట్టొచ్చు.

ఈ విద్య వందేళ్ళ కిందట ఎలా చేతులు మారిందో తెలుసుకుంటే నీ కథ బలం ఎక్కడుందో నీకే తెలుస్తుంది. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర, యాహీ తెగలో చివరివాడిగా మిగిలిన ఇషీ జనం మధ్యకు వచ్చాడు. ఆయన్ను శాన్‌ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయం వారి మ్యూజియంలో ఉంచారు. అక్కడి వైద్య కళాశాలలో సర్జరీ బోధించే డాక్టర్ సాక్స్‌టన్ పోప్ ఆయనకు వైద్యం చేస్తూ, ఆయన దగ్గరే విల్లు చెక్కడం, బాణం కట్టడం, జింక పసిగట్టకుండా దగ్గరికి చేరడం నేర్చుకున్నాడు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న మాటలు తక్కువ. డాక్టరు పక్కన కూర్చుని ఆ చేతులు చూశాడు. 1916లో ఇషీ క్షయతో చనిపోయాడు. పోప్, ఆయన మిత్రుడు ఆర్థర్ యంగ్ ఆ వేటను కొనసాగించారు. 1961లో ఏర్పడిన విల్లువేటగాళ్ళ సంఘం పోప్ అండ్ యంగ్ క్లబ్‌కు వాళ్ళ పేర్లే పెట్టారు.

మీవాడికి గురువు చేతులు కనబడవు. వీడియోలు దొరుకుతాయి, నిజమే. కానీ వీడియోలో ఉన్న మనిషి తన పని చూపిస్తాడు గానీ మీవాడి మోచెయ్యి ఎక్కడ జారిందో చూడడు. కాబట్టి తనకు జరిగింది మీవాడు మాటల్లో పెట్టాలి. అవతలివాళ్ళు ఆ మాటల్లోంచి అడవిని ఊహించుకోవాలి. ఏ మాట తప్పిపోయిందో గమనించి దాన్నే అడగాలి. చేతిపని మొత్తం మాటల మీద నిలబడిన చోటు ఇది. రచయితకు ఇంతకంటే ఏం కావాలి నాయనా?

ఇంకో ఉదాహరణ. మీవాడు ముప్పై గజాల నుంచి వేసిన బాణం జింక వీపు మీదుగా పోయింది. "సైటు మార్చాలా?" అని అడుగుతాడు. సైటంటే విల్లు మీద గురి చూసుకునే అమరిక. తెలిసినవాడు దాని ఊసెత్తడు. "తల దించుకుని మేస్తోందా, తలెత్తి చెవులు నిక్కించి ఉందా?" అంటాడు. బాణం వేగం సెకనుకు 280 అడుగులనుకో. శబ్దం దాదాపు 1,100 అడుగులు పోతుంది. అంటే విల్లు చప్పుడు చేరాక, బాణం చేరేలోపు జింకకు ఇంచుమించు పావు సెకను దొరుకుతుంది. బెదిరిన జింక పరుగు తీయడానికి ముందు కాళ్ళు ముడిచి కిందికి కుంగుతుంది. బాణం నేరుగానే పోయింది, జింకే అక్కడ లేదు. ఇది మీవాడికి అర్థమయ్యే క్షణం కథకు చాలా విలువైంది. మేస్తున్న జింక, అనుమానపడ్డ జింక ఒకటి కాదని ఆ రోజు తెలుస్తుంది. ఆ తర్వాత అతను జింకను చూసే చూపు మారాలి, ఆ మార్పు నీ వర్ణనలోనూ కనబడాలి.

గాలి సంగతి నువ్వు బాగానే రాశావు. చెట్టు మీద కూర్చుని, జిల్లేడు దూదిలాంటి మిల్క్‌వీడ్ దూదిని వదిలి అది ఎటు తేలుతుందో చూసే భాగం నాకు నచ్చింది. పొద్దున ఎండెక్కే కొద్దీ గాలి వాలు మీదుగా పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడి పల్లానికి దిగుతుంది. గాలి మారితే మనిషి వాసన జింకను చేరుతుంది. మీవాడు ఉదయం కూర్చున్న చోటే సాయంత్రమూ కూర్చుంటున్నాడు, అదొక్కటి సరిచెయ్యి. చెట్టెక్కేటప్పుడు నేల మీదే హార్నెస్, అంటే పడిపోకుండా ఆపే పట్టీలు, ఒంటికి కట్టుకోవాలి, దిగేదాకా విప్పకూడదు. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకుండా తాడుతో పైకి లాక్కోవాలి. ఆ జాగ్రత్త ఒక్క వాక్యంలో వచ్చినా చాలు, రాకపోతే మాత్రం బాధ్యత లేని రచన అవుతుంది.

ఇక అసలు చోటుకు వస్తాను. బాణం తగిలాక "టార్చి తీసుకుని వెతికాడు, అరగంటలో దొరికింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నీ కథంతా అక్కడే ఉంది. నేనైతే ఇలా విప్పుతాను:

"తగిలింది. చీకటి పడుతోంది. వెళ్ళి వెతకనా?"

"ఎక్కడున్నావు?"

"చెట్టు మీదే."

"అక్కడే ఉండు. తగలగానే ఏం చేసింది?"

"వీపు గూనిలా వంచింది. పరుగెత్తలేదు. నడుచుకుంటూ పోయింది."

"సరే. చప్పుడు చెయ్యకుండా దిగు. బాణం దొరికితే ఫొటో పెట్టు. జింక వెనక మాత్రం పోకు."

ఫొటో చేరింది. బాణం పొడవునా జిగటగా, మట్టిరంగు తిరిగిన తడి.

"వాసన చూశావా?"

"పులిసిన కంపు."

"ఈకలకు ఏమైనా అంటుకుందా?"

"ఆకుపచ్చగా ఏదో ఉంది."

"ఇంటికెళ్ళిపో."

"వాన పడేట్టుంది."

"తెలుసు. తెల్లారాక వెళ్ళు."

ఇక్కడ పెద్దాయన ఏదీ వివరించడం లేదు చూడు. గులాబీ రంగులో నురగ తేలిన రక్తమైతే ఊపిరితిత్తులకు తగిలినట్టు, అరగంట ఆగి వెళ్ళొచ్చు. ముదురు ఎరుపైతే కాలేయం అయ్యుండొచ్చు, కొన్ని గంటలు ఆగాలి. ఆకుపచ్చ, పులిసిన వాసన ఉంటే కడుపు. కడుపున తగిలిన జింకను వెంటాడకుండా వదిలేస్తే తరచుగా కొద్ది దూరంలోనే పడుకుంటుంది, ఎనిమిది పది గంటల్లో చనిపోతుంది. తొందరపడి వెంటబడితే లేచి ఎంతో దూరం పోతుంది, దారిలో రక్తపు చుక్క కూడా రాలకపోవచ్చు. ఇదంతా నీకు తెలిసి ఉండాలి. కథలో మాత్రం ఆ ప్రశ్నల వరసలోంచే పాఠకుడికి తెలియాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. పెద్దవాళ్ళందరూ ఒకటే మాట చెప్పరు. ఒకాయన తెల్లారేదాకా ఆగమంటే, మరొకాయన వాన రక్తాన్ని కడిగేస్తుంది, రాత్రికి కోయొటీలు, అంటే అక్కడి నక్కల్లాంటి జంతువులు, పట్టుకుపోతాయి, ఇప్పుడే నెమ్మదిగా వెళ్ళమంటాడు. ఇద్దరి వెనకా అనుభవం ఉంది. బరువైన బాణమా, వేగంగా పోయే తేలిక బాణమా అన్న దగ్గర కూడా వాళ్ళు ఇలాగే వాదించుకుంటారు. నీ కథలో పెద్దలంతా ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు, అది నమ్మశక్యంగా లేదు. ఎవరి మాట వినాలన్నది మీవాడు ఒంటరిగా తేల్చుకోవాల్సిన రాత్రి అది. అతను ఎవర్ని నమ్మాడో నువ్వు ఆలోచించుకోవాలి. నన్నడిగితే, ఎక్కువ అడిగి తక్కువ చెప్పినవాణ్ణి నమ్ముతాడు. తనకు దొరక్కుండా పోయిన జంతువు గురించి దాచకుండా చెప్పినవాణ్ణి కూడా నమ్ముతాడు.

మర్నాటి వెతుకులాటను సాగదియ్యి. గడ్డిపోచ కింది వైపు అంటిన ఒక్క చుక్క. దాని దగ్గర గుర్తుగా పెట్టిన ఒక టిష్యూ కాగితం ముక్క, పది అడుగుల తర్వాత ఇంకొకటి. వెనక్కి తిరిగి చూస్తే ఆ తెల్ల ముక్కల వరస జింక ఎటు మళ్ళిందో చూపిస్తుంది. మోకాళ్ళ మీద పాకుతున్న మనిషిని తొందరపెట్టకు. జింక దొరుకుతుందా లేదా అన్నది నీ ఇష్టం. దొరికితే మాత్రం ఆ చావును చూడకుండా దాటెయ్యకు. బాణం పదునైన అలుగుతో కోసి, నెత్తురు పోగొట్టి చంపుతుంది. నేరుగా ఎదురు తిరిగి నిలబడ్డ జింకను వదిలెయ్యి, పక్కకు తిరిగేదాకా ఆగు అని పెద్దలు పదేపదే చెప్పేది అందుకే. చావు త్వరగా రావాలి. ఆ పట్టింపును నువ్వు గౌరవంగా రాస్తే, వేట అంటేనే గిట్టని పాఠకుడు కూడా మీవాణ్ణి ద్వేషించలేడు.

అలాంటి పాఠకులు నీకు చాలామందే ఉంటారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, అదే మన మనసుల్లో ఉంటుంది. విస్కాన్సిన్‌లో విల్లుతో జింకలను వేటాడడానికి 1934లోనే ప్రత్యేకంగా సీజన్ పెట్టారు. లైసెన్సు ఉంది, గడువు ఉంది, చంపిన జింకను నమోదు చేయించాలి. ఇవి ఉపన్యాసంలా పెట్టకు. మీవాడు లైసెన్సు కాగితం జేబులో తడుముకున్నా చాలు. వేటను సమర్థిస్తూ నువ్వు చేర్చిన రెండు పేరాలూ కొట్టెయ్యి. వాదన నీ పని కాదు.

రెండో ప్రతి రాశాక ముందు నాకు పంపొద్దు. విల్లుతో వేటాడేవాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని వెతికిపట్టుకుని, తెలుగు రాకపోతే వాక్యం వాక్యం చెప్పి వినిపించు. వాళ్ళు ఎక్కడ ఆపి నిన్ను తిరిగి ప్రశ్న అడిగారో అక్కడల్లా మార్జిన్‌లో ఆ ప్రశ్న రాసుకో. ఆ గుర్తులతోనే నాకు పంపు, కూర్చుని చూద్దాం.

నీ శ్రేయోభిలాషి