జోడు అంటే చెప్పులా, కళ్ళద్దాలా? (సమాధానం)

రాజోలులో మీ అత్తగారు "నా జోడు తెచ్చిపెట్టమ్మా" అంటే మీరు చెప్పులు తెచ్చారన్నారు. ఆవిడ అడిగింది కళ్ళజోడు. జోడు అంటే జత. రెండేసి ఉండేవాటికి ఆ పేరు వచ్చేసింది, అందుకే ఈ తికమక.

1. ముందు ఏకవచనమా, బహువచనమా చూడండి. మన గోదావరి వైపు చెప్పులను ఎక్కువగా "జోళ్ళు" అంటారు. ఒక్క "జోడు" అంటే కళ్ళద్దాలే కావచ్చు.

2. చాలామంది వదిలేసేది ఇదే: క్రియ వినేదాకా ఆగండి. "జోడు పెట్టుకుని పేపర్ చదువుతారు" అంటే కళ్ళకు. "జోళ్ళు వేసుకుని చేలో దిగకు" అంటే కాళ్ళకు. మీకొచ్చిన చిక్కు ఏమిటంటే, "తెచ్చిపెట్టు" రెంటికీ సరిపోతుంది. అలాంటప్పుడు ఆవిడ చేతిలో ఏముందో చూడండి. పేపరా, గొడుగా? అప్పటికీ తెలియకపోతే "కళ్ళజోడా అత్తయ్యా?" అని అడిగెయ్యండి, ఏమీ అనుకోరు.

3. ఇంకో పేరుకు ముందు వస్తే జత అనే అర్థమే: జోడెద్దులు, జోడు గుర్రాలు. పెళ్ళి మాటల్లో "ఈడూ జోడూ" అంటే వయసుకీ, తీరుకీ తగిన జంట.

ఇక మీరడిగిన రెండో సంగతి: మీ అబ్బాయి పాఠంలో "జోడు తొడిగి యుద్ధానికి బయలుదేరాడు" అన్నచోట మాత్రం జోడు అంటే కవచం. పాత తెలుగులో ఆ అర్థం ఉంది, నిఘంటువుల్లోనూ దొరుకుతుంది. అక్కడ చెప్పులు అని రాస్తే మార్కు పోతుంది, ఇవాళే దిద్దించండి.