ఫోనులోనే బాగా వస్తున్నాయన్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. కెమెరా కొన్నావని మీ అమ్మ చెప్పినప్పుడు సంతోషించాను. తర్వాత నువ్వే ఫోన్ చేసి, "మావయ్యా, ఇంత డబ్బు పోసి కొన్నాను గానీ ఫొటోలు నా ఫోనులోనే బాగా వస్తున్నాయి" అన్నావు చూడు, అప్పుడు ఇంకా సంతోషం వేసింది. తేడా పట్టే కన్ను ఉందన్నమాట. చాలామంది కొత్త కెమెరా మెడలో వేసుకుని ఒక ఫొటో దిగి, దాన్ని అందరికీ పంపించి, ఆ కెమెరాని బీరువాలో పెట్టేస్తారు. నీకు ఆ గతి పట్టకూడదని ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు.

ముందు నీ అనుమానం సంగతి. ఫోను మీద ఒక్కసారి నొక్కితే అది వరసగా కొన్ని ఫొటోలు తీసి, వాటిని కలిపేసి, నీడలు తేల్చి, ఆకాశానికి నీలం పూసి, మొహం నున్నగా చేసి నీ చేతిలో పెడుతుంది. నువ్వు కొన్న ఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండే కెమెరా, ఆ చాకిరీ చెయ్యదు. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగు లోపలి అద్దం మీద పడి, పైకి మళ్లి, వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే బుల్లి కిటికీ) గుండా నీ కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, అదే వెలుగు ఫొటోని పట్టే సెన్సర్ మీద పడుతుంది. కాబట్టి మిట్టమధ్యాహ్నం మీ శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో నిలబడి తీస్తే మిట్టమధ్యాహ్నంలాగే వస్తుంది, కళ్ల కింద నల్లటి గుంటలతో సహా. కెమెరా బాగోలేదని కాదు, ఆ వేళ బాగోలేదు.

అందుకే మెనూలన్నీ బట్టీ పట్టే ముందు మీ ఊరి వెలుగుని చదువుకో. అరసవల్లి సూర్యదేవుడి గుడి నీకు కూతవేటు దూరం కదా. మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నావు. ఎందుకు ఏడాదికి రెండుసార్లే? సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ ఒకసారి, దక్షిణానికి దిగుతూ ఇంకోసారి ఇంచుమించు అదే చోటి నుంచి ఉదయిస్తాడు గనక. గుడి కట్టినవాళ్లు ఆ లెక్క చూసుకున్నారు. అక్కడ గర్భగుడిలో ఫొటోలు తీయకూడదు, ప్రయత్నించకు కూడా. కానీ ఆ లెక్క నీకు బయట ప్రతిచోటా పనికొస్తుంది. కళింగపట్నం దీపస్తంభం దగ్గర డిసెంబరులో సూర్యుడు నడిసముద్రం వైపు నుంచి లేస్తాడు. జూన్‌లో బాగా ఉత్తరానికి జరిగి, తీరం గీతకి దగ్గరగా వస్తాడు. చోటు ఒకటే అయినా రెండూ వేరే ఫొటోలు. ఎవరో పెట్టిన ఫొటో చూసి తప్పు నెలలో వెళ్లి, నాకెందుకు రాలేదని ఏడవడంలో అర్థం లేదు.

శ్రీముఖలింగం వెళ్లినప్పుడు కూడా ఇదే చూడు. సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలకి వెలుగు ఎదురుగా పడితే అట్టముక్కల్లా చదునుగా కనిపిస్తాయి. ఏటవాలుగా పక్కనుంచి పడితే ముక్కు, మొలనూలు, వేళ్లు అన్నీ లేచి నిలబడతాయి. పొద్దున్న ఒక గోడ పలికితే సాయంత్రం మరో గోడ పలుకుతుంది. ఒక్క గంటలో చుట్టేసి వచ్చే ఊరు కాదది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుళ్లలో స్టాండు పెట్టాలంటే అనుమతి కావాలి గనక దాన్ని ఇంట్లోనే వదిలెయ్.

ఇక కెమెరా. వ్యూఫైండర్ పక్కన బుల్లి చక్రం ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. నీకు కళ్లజోడు ఉంది కదా, లోపల కనిపించే అంకెలు స్పష్టంగా కనబడేదాకా దాన్ని తిప్పుకో. అది సరిగ్గా లేకపోతే ఫోకస్ కుదిరినా నీకు మసకగానే కనిపిస్తుంది, ఊరికే టెన్షన్. వెనక తెర చూస్తూ తీయడం మాను. బ్యాటరీ తినేస్తుంది, పైగా చేతులు చాచి పట్టుకుంటే వణుకు వస్తుంది. కన్ను ఆనించి, మోచేతులు డొక్కలకి ఆనించి తియ్యి.

పైనున్న చక్రాన్ని నికాన్ అయితే 'ఎ' దగ్గర, కెనాన్ అయితే 'ఎవి' దగ్గర పెట్టి కొన్నాళ్లు అక్కడే వదిలెయ్. ఎపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకోవాలో నువ్వు చెప్తావు; షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో అది చూసుకుంటుంది. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది, దగ్గరవీ దూరంవీ ఎక్కువగా స్పష్టంగా వస్తాయి. తగ్గితే వెనకది మసకబారుతుంది. మీ డాబా మీద తులసికోటని 5.6తో, 8తో, 16తో తీసి పక్కపక్కన పెట్టి చూడు, నేను పేజీలు రాయక్కర్లేదు. ఒక కన్ను మాత్రం షట్టర్ అంకె మీద ఉంచు. లెన్స్ మీది 55 ఎంఎం దాకా జూమ్ చేసినప్పుడు అది 1/100 సెకను కంటే నెమ్మదిస్తే ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని పట్టే చురుకుదనం) పెంచుకో. గింజలు గింజలుగా వస్తుందని భయపడకు. గింజలున్న ఫొటో దాచుకోవచ్చు, చెయ్యి అదిరిన ఫొటో దాచుకోలేం. ఫైళ్లు 'రా' (కెమెరా దిద్దకుండా ఇచ్చే పచ్చి ఫైలు), జెపెగ్ (మామూలు ఫొటో ఫైలు) రెండూ వచ్చేలా పెట్టు. జెపెగ్ ఇప్పటికి, 'రా' రేపు దిద్దడం నేర్చుకున్నాక.

మా స్టూడియోలో యాషికా ఉండేది, రీలుకి పన్నెండే ఫొటోలు. ప్రతిదీ ఆచితూచి తీసేవాళ్లం. ఆ రోజులే బాగుండేవని మాత్రం అనను. ప్రయోగం చేసి చూద్దామంటే రీలు ఖర్చు, కడిగే ఖర్చు, వారం ఎదురుచూపు. నీకు అవేం లేవు, ధైర్యంగా పాడుచెయ్. కానీ ఇంటికొచ్చాక సగానికి సగం తీసేసే అలవాటు చేసుకో. ఒకే కొంగవి నలభై ఫొటోలు ఎవరూ చూడరు, కట్టుకున్న పాపానికి మీ ఆయన కూడా చూడడు.

అన్నిటికంటే ముందు నిన్ను పంపించాలనుకున్న చోటు పొందూరు. సముద్రం, గుడి ఎవరైనా తీస్తారు. పొందూరులో ఇళ్లలో ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు, ఏకులు చేస్తారు, ఒంటికదురు రాట్నం మీద సన్నటి నూలు తీస్తారు. గదిలో వెలుగు తక్కువ, ఒక కిటికీయో వీధి గుమ్మమో ఉంటుంది. కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్‌కి అదే చాలు. వాళ్లు ఒప్పుకుంటే ట్యూబులైటు ఆపించు. రెండు రకాల వెలుగులు కలిస్తే మొహం సగం పచ్చగా, సగం నీలంగా వస్తుంది, తర్వాత ఎంత దిద్దినా తేలదు. కిటికీ వాళ్లకి పక్కగా ఉండేలా నువ్వు జరుగు, వాళ్లని జరపకు. ఐఎస్ఓ 1600 దగ్గర పెట్టుకుంటే పనైపోవచ్చు.

అక్కడ నీకో చిక్కు వస్తుంది. తెల్లటి పత్తి తెల్లగా రాదు, మాసిన గుడ్డలా వస్తుంది. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు తను చూసే ప్రతిదీ సగటున మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్కకడుతుంది. ఎక్కువ తెలుపు కనబడగానే వెలుతురు ఎక్కువైందని తగ్గించేస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ నొక్కి ప్లస్ ఒకటికి తీసుకెళ్లు, తెలుపు తిరిగొస్తుంది. నౌపడ ఉప్పు మడుల్లో కుప్పలు తీసినా ఇదే మందు. గేదెని దగ్గరగా తీసినప్పుడు తిరగబడుతుంది, అది వెలిసిపోయినట్టు వస్తుంది, అప్పుడు మైనస్. ఈ ఒక్క బటన్ వాడకం తెలిసినవాళ్ల ఫొటోలు, తెలియనివాళ్ల ఫొటోలు నేను చూసి చెప్పేయగలను.

అదే గదిలో ఇంకోటి ప్రయత్నించు. పైనున్న చక్రాన్ని ఈసారి, షట్టర్ స్పీడ్ నువ్వే చెప్పే షట్టర్ మోడ్‌లో పెట్టి, 1/15కి దించి, గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి తియ్యి. మనిషి నిదానంగా కూర్చుని ఉంటే మొహం నిలబడుతుంది, రాట్నం చక్రం తిరుగుతున్నట్టు చెదురుతుంది. లెన్స్ మీద విఆర్ అనో ఐఎస్ అనో ఉంటే నీ చేతి వణుకు వరకు అది కాచుకుంటుంది, ఎదుటివాళ్ల కదలికని ఆపలేదు. పదిట్లో రెండు కుదిరితే గొప్ప.

వెనకదంతా మసక చెయ్యడం మీద ఇప్పుడు పిల్లలకి మహా మోజు. నాకు అంత నచ్చదు. రాట్నం వెనక గోడ మీది దేవుడి పటం, దండెం మీది చీర, మూలనున్న బిందె కనిపిస్తేనే కదా అది ఆవిడ ఇల్లు. అంతా కరిగించేస్తే పొందూరులో తీసినా పొన్నూరులో తీసినా ఒకటే.

కెమెరా బయటికి తీసే ముందు కాసేపు కూర్చుని మాట్లాడు. "ఏటమ్మా, పేపర్లో వేస్తారేటి?" అని అడుగుతారు. వెయ్యకపోతే వెయ్యనని చెప్పు. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. తీశాక తెర మీద చూపించు, తర్వాత పోస్టుకార్డు సైజు ప్రింటు తీయించి నువ్వే వెళ్లి ఇచ్చి రా. పంపిస్తానని నోటిమాటగా చెప్పి ఎగ్గొట్టినవాళ్లు మనకి ముందు చాలామంది వెళ్లి ఉంటారు, ఆ వరసలో నువ్వు చేరకు. ప్రింటు పట్టుకుని రెండోసారి వెళ్లినప్పుడు నీకు టీ పెడతారు, పక్కింటివాళ్లని కూడా పిలుస్తారు. అసలు ఫొటోలు అప్పుడు మొదలవుతాయి.

పిట్టల కోసం పెద్ద లెన్స్ కొంటానన్నావు. ఒక ఏడాది ఆగు. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉన్న లెన్స్‌తోనే వెళ్లు. గూడబాతులు, రంగు కొంగలు చలికాలమంతా ఊళ్లో చెట్ల మీదే ఉంటాయి. 55తో పిట్ట చిన్నదిగానే వస్తుంది నిజమే. అయితే ఆ చెట్టు మొత్తం, కింద పెంకుటిల్లు, అరుగు మీద మనిషి కలిపి తియ్యి. పెద్ద లెన్స్ వాళ్ల దగ్గర ఆ ఫొటో ఉండదు. గూళ్ల కిందికి వెళ్లి చప్పట్లు కొట్టి పిట్టల్ని లేపేవాళ్లు కనిపిస్తారు, వాళ్లతో కలవకు. ముందు కొనాల్సి వస్తే 50 ఎంఎం, 1.8 లెన్స్ (రంధ్రం 1.8 దాకా పెద్దగా తెరుచుకునేది) కొనుక్కో. చవక, తేలిక, చీకటి గదుల్లో ప్రాణం పోస్తుంది. ఇప్పుడు కంపెనీలు అద్దం లేని కెమెరాల వైపు వెళ్లిపోతున్నాయని ఎవరో నిన్ను భయపెట్టారట. వెళ్లనీ. దానివల్ల నీ కెమెరాకి సరిపడే పాత లెన్సులు తక్కువకే దొరుకుతాయి, మనకి లాభమే.

మన తీరపు గాలికి కెమెరాలు త్వరగా పాడవుతాయి. సముద్రం ఒడ్డున లెన్స్ విప్పకు. ఇంటికి రాగానే తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒళ్లంతా తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడువు, లెన్స్ అద్దం జోలికి మాత్రం ఆ గుడ్డతో వెళ్లకు. తోలు సంచిలో మూసి బీరువాలో పెడితే వానాకాలానికి లెన్స్ లోపల బూజు పడుతుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి అందులో ఉంచు. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది, సంచిలోనే అరగంట ఉంచి తియ్యి. వేకువన బీచికి ఒంటరిగా వెళ్లొద్దు, తమ్ముణ్ణి లేపి తీసుకెళ్లు, తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఈసారి పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి విజయనగరం రా. దసరా దాటాక వచ్చే మంగళవారం కదా, ముందురోజు సోమవారం తొలేళ్ల ఉత్సవం నాటికే వచ్చెయ్. సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి అంత ఎత్తున కూర్చుని ఉంటే వెనక ఆకాశం తెల్లగా వెలుగుతుంటుంది, మామూలుగా తీస్తే ఆయన నల్లటి బొమ్మ అయిపోతాడు. అక్కడా ప్లస్ ఒకటి, షట్టర్ 1/500 తగ్గకుండా. మూడు లాంతర్ల దగ్గర గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది గనక మొదటిసారి చూసుకుని రెండోసారికి చోటు మార్చుకోవచ్చు. పాలధార, బెస్తవారి వల, అంజలి రథం ముందు వెళ్తాయి, వాటిని వదిలేసి అందరూ సిరిమాను కోసం ఎదురుచూస్తారు, నువ్వు వదలకు. ఆ జనంలో లెన్స్ మార్చే పని పెట్టుకోవద్దు, బెల్టు మెడలో కాకుండా భుజం మీదుగా అడ్డంగా వేసుకో. ఎక్కడ నిలబడాలో సోమవారం సాయంత్రం ఇద్దరం నడిచి చూద్దాం, తెలిసినవాళ్ల మేడ ఒకటి అడిగి ఉంచుతాను. రెండో బ్యాటరీ, ఖాళీ కార్డు మర్చిపోకు. మీ అమ్మని కూడా తీసుకురా, మీ అత్తయ్య అడుగుతోంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమావయ్య
విజయనగరం