ఒకే రెసిపీ... లాటుకో రంగు!

ప్రశ్న: హ్యాండ్‌బ్యాగుల కోసం వెట్ బ్లూ తోళ్లు (క్రోమియంతో పదును చేసిన, ఇంకా తడిగా ఉన్న నీలిరంగు తోళ్లు) తెచ్చి బ్రౌన్ డై చేయిస్తాం. డ్రమ్మూ అదే, రెసిపీ అదే, అయినా ప్రతి లాటూ ఒక్కో షేడ్. కస్టమర్లు వెనక్కి పంపేస్తున్నారు, ఒకటే టెన్షన్. డై కంపెనీ మార్చాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అప్పుడే మార్చకండి. తప్పు డైలో కన్నా అంతకుముందు పనుల్లోనే ఎక్కువగా ఉంటుంది. ముందు తూకం చూడండి: డై శాతాన్ని షేవింగ్ (మందం సమం చేసే చెక్కుడు) అయిన తోలు బరువు మీద లెక్కేస్తున్నారా, లేక డ్రమ్ములో ఎన్ని తోళ్లు పడ్డాయో చూసి అందాజుగా పోస్తున్నారా?

తర్వాత న్యూట్రలైజేషన్, అంటే డై వేసే ముందు తోలులోని ఆమ్లాన్ని తగ్గించే పని. మెడ దగ్గర మందంగా ఉన్నచోట చిన్న ముక్క కోసి, కోసిన అంచు మీద బ్రోమోక్రెసాల్ గ్రీన్ (ఆమ్లాన్ని రంగు మార్పుతో చూపే ద్రవం) చుక్క వేయండి. పైన నీలంగా, మధ్యలో పసుపుగా కనబడితే లోపల ఇంకా ఆమ్లం ఉన్నట్టే. అలాంటి తోలులో మామూలు యాసిడ్ డై లోపలికి దిగకుండా పైపైనే పట్టేస్తుంది. అందుకే లాటు లాటుకీ ఆ తేడా. చివర్లో డై నిలవడానికి వేసే ఫార్మిక్ యాసిడ్ కూడా నీళ్లలో బాగా పలచన చేసి రెండు మూడు విడతలుగా పోయించాలి, మన కుర్రాళ్లు టీ టైమ్ అవుతోందని ఒకేసారి కుమ్మరిస్తే మచ్చలే.

నీళ్లు? ఒకరోజు బోరు, ఒకరోజు ట్యాంకర్ అయితే కాఠిన్యం మారి షేడూ మారొచ్చు.

షేడ్‌ని తడి తోలు మీద తేల్చకండి, ఆరాక శాంపిల్ పక్కన పెట్టి, పగటి వెలుతురులోనూ ట్యూబ్‌లైట్ కిందా చూడండి.