రాణి బొమ్మ నాణెం, చైనా రాజ్యం

ప్రశ్న: మా నాన్న ఓడలో పనిచేసినప్పుడు తెచ్చిన హాంకాంగ్ నాణేలపై రాణి బొమ్మ ఉంది. 1997లో చైనా చేతికి వెళ్లాక కూడా హాంకాంగ్ డాలరు ఎలా కొనసాగుతోందండీ?
– ఓ పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: కొనసాగేలా ముందే రాసుకున్నారమ్మా. 1984 డిసెంబరులో బ్రిటన్, చైనా హాంకాంగ్ అప్పగింతపై ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మరుసటి ఏడాది హాంకాంగ్‌కు మూలచట్టం రాయడానికి చైనా 59 మందితో ముసాయిదా సంఘం వేసింది. అందులో హాంకాంగ్ వాళ్లు 23 మందే! కలం ఎవరి చేతిలో ఉందో అక్కడే తెలిసిపోతుంది. 1990 ఏప్రిల్‌లో ఆ మూలచట్టం, అంటే బేసిక్ లా, ఆమోదం పొందింది. సొంత కరెన్సీ, సొంత కస్టమ్స్, పాత పద్ధతి కోర్టులు, 50 ఏళ్ల పాటు మారని జీవన విధానం అందులోవే. రాణి బొమ్మ నాణేలు మాత్రం 1993 నుంచే మెల్లగా తప్పుకున్నాయి, వాటి స్థానంలో బౌహీనియా పువ్వు వచ్చింది.

కోర్టుల చుట్టూ తిరిగి నెరిసిన తల నాది, నా కళ్లు మాత్రం బేసిక్ లాలోని 158వ అధికరణం మీదే. ఆ చట్టానికి భాష్యం చెప్పే అధికారం బీజింగ్‌లోని చైనా పార్లమెంటు స్థాయీ సంఘానిది. ఇల్లు అద్దెకిచ్చి తాళంచెవి తన మొలకే కట్టుకున్నట్టు.

అన్నట్టు, 1995లో ఎన్నికైన హాంకాంగ్ శాసనసభ 1997 దాటి కొనసాగాలన్నది మొదటి ఆలోచన. అప్పటి బ్రిటిష్ గవర్నర్ క్రిస్ పాటెన్ తెచ్చిన ఎన్నికల సంస్కరణలు చైనాకు నచ్చలేదు. అందుకే దాని బదులు తాత్కాలిక సభ వేసుకుంది.